అన్న హజ్జూ, నా కెనడా షేర్లూ

పోయిన నెల మా అన్న మౌలాలి, డోన్ నుంచి కర్నూలుకు దూది మూటతో బస్సులో వచ్చాడు. చేతి సంచిలో దబ్బనం, దారం ఉండ, పరుపు గుడ్డ. నా నడుము నొప్పికి నేను కొనుక్కున్న స్పాంజి పరుపే కారణమని ఆయన నమ్మకం. డాక్టరు చెప్పిన పేర్లన్నీ ఆయనకు గిట్టలేదు. "పరుపులు కుట్టేవాని చెల్లెలు స్పాంజి మింద పండుకుంటాందంటే నేను తలకాయ యాడ పెట్టుకోవాల?" అని గడపలోనే మొదలుపెట్టాడు. నాకు తల పూర్తిగా నెరిసినా ఆయనకు నేనింకా పాపనే. మేము దూదేకులవాళ్లం. ఇంట్లో మాట్లాడేది తెలుగు, చదివేది నమాజు. ఉర్దూ మాట్లాడేవాళ్లు మమ్మల్ని సగం సాయిబులంటారు, తక్కినవాళ్లు పూర్తి సాయిబులంటారు, మేము ఆ రెంటికీ తల ఊపి మా పని మేము చూసుకుంటాం.

హాల్లో సోఫా పక్కకు జరిపించి, చాప పరిచి, మూట విప్పాడు. ఇప్పుడు దూది ఏకేది మిషనే గానీ వాసన మాత్రం పాతదే. ఎండలో ఆరిన గుడ్డ వాసన, దాని అడుగున పత్తిగింజల నూనె వాసన. నాకు వరసగా తుమ్ములు వచ్చాయి. అన్న నవ్వి, "కెనడా ముక్కు మర్చిపోయిండాది" అన్నాడు. ముక్కు దేన్నీ మర్చిపోలేదు. ఆ తుమ్ములతో పాటే డోన్‌లో రైల్వే క్వార్టర్స్ వెనక మేమున్న ఇల్లంతా ఒక్కసారి కళ్ల ముందుకొచ్చింది.

ఆ ఇంట్లో ముందరి గదంతా దూది ఏకే విల్లుదే. పైకప్పు దూలానికి తాడు కట్టి వేలాడదీసేవాళ్లు. నాయన ఒక చేత్తో దాన్ని పట్టుకుని, ఇంకో చేత్తో కొయ్య గుండు ఆడిస్తూ నారిని కొడుతుంటే గడ్డలు కట్టిన పాత దూది విడిపోయి పొగలాగా లేచేది. నాయన కనురెప్పలు, మీసం, చెవుల మీది వెంట్రుకలు మధ్యాహ్నానికల్లా తెల్లబడేవి. అమ్మ సంకటి కుండ మీద గుడ్డ, గుడ్డ మీద మూత, మూత మీద ఇంకో గుడ్డ వేసేది. అయినా లాభం లేదు. జొన్నరొట్టెలో దూదిపోగు తగలకపోతే అది పక్కింటి రొట్టె అనుకునేవాళ్లం. సాయంత్రం పని ఆపగానే నాయన బెల్లం ముక్క నోట్లో వేసుకుని గోడకానుకుని కూర్చునేవాడు. గొంతులో చేరిన దూదిని బెల్లం దించుతుందని ఆయన వైద్యం. బెల్లం దించిందో లేదో గానీ దగ్గు మాత్రం ఆయనను చివరిదాకా వదల్లేదు.

మాకు పని ఇచ్చేవాళ్లలో సగం మంది రైల్వేవాళ్లే. గార్డులు, డ్రైవర్లు, టికెట్ కలెక్టర్లు. బదిలీ కాగితం రాగానే పాత పరుపు విప్పి ఏకించుకోవాలనిపిస్తుందేమో, వేసవి వస్తే మా గుమ్మం ముందు పరుపుల గుట్ట ఉండేది. ఏకుతున్నప్పుడు ఎగిరి గోడలకు పట్టే దూది ఏకేవానిదేనని మా వాళ్లలో చాలామంది లెక్క. మా నాయన దాన్ని చీపురుతో దులిపి, ఏరి, చిన్న దిండు కుట్టి పరుపుతో పాటే ఇచ్చేసేవాడు. "నీకు పిచ్చి పట్టిందప్పా" అని తోటి దూదేకులవాళ్లు ఎగతాళి చేస్తే, "పోనీలేప్పా, వాళ్లింట్లో పసిబిడ్డ పండుకుంటాది" అనేవాడు. అమ్మకు మాత్రం ఒళ్లు మండేది. తన తలకింద దిండు లేక చీర మడిచి పెట్టుకునే మనిషి ఆవిడ.

ఇంతకంటే గట్టి పట్టు ఆయనకు ఇంకొకటి ఉండేది. వడ్డీ ముట్టడు. ఆయన పెద్ద నమాజీ కాదు. శుక్రవారం తప్ప మసీదుకు పోయేవాడు కాదు, పీర్ల పండక్కి మాత్రం గుండం దగ్గర అందరికంటే ముందుండేవాడు. కానీ వడ్డీ మాటెత్తితే మొహం మారిపోయేది. కరువులో మా తాత అప్పు చేస్తే, ఆ వడ్డీ కింద ఇంట్లో ఉన్న ఒక్క విల్లూ పోయిందట. విల్లు లేని దూదేకులవాడు చేతుల్లేని మనిషి. అప్పుడు అవ్వ ఊరూరూ తిరిగి పత్తికాయలు ఏరి బిడ్డలను సాకింది. "వడ్డీ ముట్టిన చేత్తో దూది ముట్టుకోకూడదు. మనుషులు పండుకునేది గదా" అనేవాడు నాయన. ఇది ఏ కితాబులో ఉందో నాకు తెలియదు. ఆయన కితాబు ఆయనదే.

ఒకసారి ఒక గార్డు సార్ మంచికే చెప్పి నాయనతో పోస్టాఫీసులో ఖాతా తెరిపించాడు. ఏడాది తిరిగాక చూస్తే పెట్టిన దానికంటే ఎక్కువుంది. నాయన ఆ ఎక్కువను తీసుకుని, చేతి రుమాల్లో కట్టుకుని, తిరిగిచ్చేయడానికి పోస్టుమాస్టరు దగ్గరికే పోయాడు. వెనకాలే నేనూ పోయాను, ఐసు కొనిస్తాడని.

"ఏమప్పా, గవర్నమెంటు ఇచ్చేది వద్దంటావా?" అన్నాడు పోస్టుమాస్టరు.

"నేనేం పని చేసినానని ఇచ్చిరి సామీ?"

"నీ దుడ్లు పని చేసినాయి లేప్పా."

"దుడ్లు యాడన్నా పని చేస్తాయా సామీ, మనుషులు చేస్తారు గానీ."

పోస్టాఫీసంతా నవ్వింది. తిరిగి పుచ్చుకునే పద్ధతి వాళ్లకు లేదు. అప్పుడు మసీదులో నమాజు చదివించే హజ్రత్‌ను అడిగితే, తినకూడదు గానీ పుణ్యం ఆశించకుండా మరుగుదొడ్డి లాంటి వాటికి ఖర్చు పెట్టొచ్చని చెప్పాడట. అప్పటినుంచి ఏడాదికోసారి నాయన ఫినాయిలు డబ్బాలు, కొబ్బరి చీపుర్లు కొని మసీదు దొడ్డికి ఇచ్చేవాడు. డోన్‌లో మా మసీదు దొడ్డంత శుభ్రమైంది ఇంకోటి ఉండేది కాదు. ఆయనకు ఫినాయిలు సాయిబు అని పేరు కూడా పడింది. బడిలో ఆ పేరుతో నన్ను ఏడిపిస్తే నేను ఇంటికొచ్చి నాయన మీద అరిచాను. ఆయన బెల్లం చప్పరిస్తూ విన్నాడు.

ఆ ఫినాయిలు సాయిబు కూతురు బతుకుతున్నది బ్యాంకుల మీద. దాచడమెందుకు, చెప్పేస్తాను.

పెళ్లయ్యాక మా ఆయనతో కెనడా పోయాను. ఆయన గోడౌన్లలో పని చేసేవాడు, నేను ముసలివాళ్ల ఆశ్రమంలో వాళ్లకు స్నానాలు చేయించి, తినిపించి, పక్కలు మార్చే పనిలో కుదిరాను. పరుపుల ఇంటి పిల్లకు పక్కలు పరచడం కొత్త కాదు. చేతికి నాలుగు డాలర్లు మిగలడం మొదలయ్యాక, వాటిని ఎక్కడ పెట్టాలన్న బుద్ధి పుట్టింది. లైబ్రరీలో కంపెనీల వార్షిక నివేదికలు ఉచితంగా దొరికేవి. డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. మొదట కొన్నది ఒక రైలు కంపెనీ షేర్లు. అందులో తెలివేమీ లేదు. డోన్ పిల్లను కదా, రైలు పేరు చూడగానే మనసు మెత్తబడింది. షేరు ధర పెరుగుతూనే ఉండేది గానీ, లాభంలోంచి మూడు నెలలకోసారి వాటాదారులకు పంచే డివిడెండు మాత్రం చేతిలో పెట్టిన బఠాణీల్లాగా ఉండేది. ఇంటికి తీసుకురాదగ్గ సరుకు కాదు.

అప్పుడు బ్యాంకుల వైపు చూశాను. ఆ దేశంలో పెద్ద బ్యాంకులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. వాటిని నేను మా సీమ పద్ధతిలోనే ఎంచాను. పంటలు బాగా పండిన ఏడు ఎవరైనా కూలి ఇస్తారు, కరువులో కూడా కూలి ఎగ్గొట్టని రైతే రైతు. కాబట్టి చెడ్డ కాలంలో డివిడెండు తగ్గించిందా లేదా అన్నది మొదట చూసేదాన్ని. సంపాదించినదంతా పంచేస్తున్నదా, రేపటికి విత్తనం ఉంచుకుంటున్నదా అన్నది రెండోది. రాని బాకీల కోసం ఎంత పక్కన పెట్టుకుందో కూడా చూసేదాన్ని. మరీ ఎక్కువ డివిడెండు ఇస్తామనే కంపెనీని చూస్తే మా వైపు చిట్టీలు కట్టించుకుని రాత్రికి రాత్రి బోర్డు తిప్పేసినవాళ్లు గుర్తొచ్చేవారు, పేజీ తిప్పేసేదాన్ని. చివరికి రెండు బ్యాంకులు, ఒక ఇన్సూరెన్సు కంపెనీ తేల్చాను. రైలు షేర్లు అమ్మేసి వాటిని కొన్నాను. వచ్చిన డివిడెండుతో మళ్లీ అవే కొన్నాను. అవి పెరిగాయి, డివిడెండూ పెరిగింది. నా ఎంపిక తప్పు కాలేదు. పాపం చేసి నష్టపోయినవాడికి చెప్పుకోవడానికైనా ఒక నీతి ఉంటుంది. నాకు లాభమే వచ్చింది.

నాయన గుర్తుకు రాలేదా అంటే, వచ్చాడు. ఇది వడ్డీ కాదు, వ్యాపారంలో వాటా అని చెప్పుకున్నాను. ఆ వ్యాపారం వడ్డీ వ్యాపారమేనని లోపలి నుంచి ఎవరో అంటే విననట్టు ఊరుకున్నాను. ఊరుకోలేనిది మరియా విషయంలో జరిగింది. మరియా నాతో పాటు ఆశ్రమంలో పని చేసే ఫిలిప్పీన్స్ మనిషి. రెండు షిఫ్టులు చేసి చిన్న ఇల్లు కొనుక్కుంది. అక్కడ ఇంటి అప్పును కొన్నేళ్లకోసారి కొత్త వడ్డీకి మళ్లీ రాయించుకోవాలి, ఆ సమయానికి వడ్డీ రేట్లు బాగా పెరిగాయి, నెలనెలా కట్టేది ఆమె జీతాన్ని మింగేసింది. ఇల్లు అమ్ముకుంది. దుప్పట్లు ఉతికే గదిలో నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఆమె అప్పు ఇచ్చింది నా బ్యాంకే. ఆ వారమే ఆ బ్యాంకు డివిడెండు పెంచుతున్నట్టు నా ఫోనుకు సందేశం వచ్చింది. నేను మరియా వీపు నిమిరి, టీ పెట్టిచ్చాను. ఆ డబ్బు మాత్రం జమ అయింది, నేను ఖర్చు పెట్టుకున్నాను.

మా ఆయన పోయాక అక్కడ ఉండబుద్ధి కాలేదు. కర్నూలు వచ్చి ఈ ఫ్లాటు కొనుక్కున్నాను. అప్పటికి అన్న చూపులో ఒకే ఒక్క కోరిక మిగిలింది, హజ్జు. జీవితమంతా దానికోసం కూడబెట్టాడు. కూడబెట్టినప్పుడల్లా ఏదో ఒకటి వచ్చి మింగేది, ఒకసారి వదిన ఆపరేషను, ఒకసారి వానకు కూలిన గోడ. ఇప్పుడు స్పాంజి పరుపులొచ్చి పనే పోయింది. మోకాళ్లు కూడా పోతున్నాయి. ఇంకో రెండేళ్లు ఆగితే కాబా చుట్టూ నడవలేడని నాకు కనిపిస్తూనే ఉంది. ఖర్చంతా నేను పెట్టుకుంటానని డోన్ పోయి చెప్పాను. వదిన నా చేతులు పట్టుకుంది. అన్న తలవంచుకుని అడిగాడు.

"తప్పుగా అనుకోవద్దు పాపా. హజ్జుకు పొయ్యే దుడ్లు గదా, అడగాల. ఆ దుడ్లు యాడివి?"

"కంపెనీల్లో వాటాలుండాయి అన్నా. లాభమొస్తే పంచుతారు."

"ఏం కంపెనీలు?"

నిజం చెప్తే పోడు. ఆ ఏడాది కాదు, ఏ ఏడాదీ పోడు. నాయన కొడుకు ఆయన. అబద్ధం చెప్తే పోతాడు, కానీ అది ఆయన లెక్కలో హజ్జే కాదు. ఈ రెండూ నాకు తెలుసు. తెలిసే నోరు తెరిచాను.

"రైళ్ల కంపెనీ అన్నా" అన్నాను. ఎప్పుడో అమ్మేసిన షేర్లు నాలుక మీదికి ఎట్లా వచ్చాయో వచ్చాయి.

అన్న మొహం చూడాలి అప్పుడు. "రైళ్లా! ఓయమ్మ, మన రైల్వేవాళ్ల దుడ్లే గదా నాయన మనకు తినిపించింది" అని వదినను పిలిచి మళ్లీ చెప్పాడు. చెమటోడ్చి నడిపే రైళ్ల లాభమైతే పాల లాంటి సొమ్మన్నాడు. వీధిలో పోయేవాళ్లకు కూడా, మా పాపకు కెనడాలో రైళ్లుండాయని చెప్పాడు. మక్కా పోయాడు, కర్ర పట్టుకునే అయినా కాబా చుట్టూ నడిచే వచ్చాడు. ఖర్జూరాలు, జమ్‌జమ్ నీళ్లు ఇంటింటికీ పంచాడు. అందరూ హాజీ సాబ్ అని పిలుస్తుంటే కొత్త చొక్కా తొడుక్కున్న పిల్లాడిలా మెలికలు తిరిగాడు. నేను ఖర్జూరం నోట్లో వేసుకోలేక కొంగున కట్టుకుని వచ్చేశాను.

కర్నూలు వచ్చి నాయన దారి కూడా పట్టి చూశాను. రెండు డబ్బాల ఫినాయిలు, బ్రష్షులు కొని వీధి చివరి మసీదుకు పంపించాను. ఆ రోజు నాకే నవ్వొచ్చింది. నాయన ఎక్కువొచ్చినదంతా అక్కడ పోసి మిగతా ఏడాదంతా చేతులతో బతికాడు. నేను ఎక్కువొచ్చినదంతా తిని రెండు డబ్బాలు పోశాను. ఫోనులో అమ్మే బొత్తాం ఉంది, ఒకటి రెండుసార్లు దాని దాకా వేలు పోయింది. ఇవి అమ్మి మళ్లీ రైలు షేర్లు కొంటే నా అబద్ధం కనీసం ఇకనుంచైనా నిజమవుతుంది. కానీ ఆ బఠాణీలతో నా మందులు, ఈ ఫ్లాటు, ఈ ఏసీ గడవవు. వేలు వెనక్కి వచ్చింది. అప్పట్లో మాకు దిండు లేదు గానీ ఎవరి ముందూ చూపు దించుకోవలసిన పని కూడా లేదు. ఇప్పుడు సొంత అన్న వస్తున్నాడంటే ఏ ప్రశ్న అడుగుతాడో అని బస్సు వచ్చేదాకా ఇంట్లో అటూ ఇటూ తిరుగుతుంటాను.

పోయిన నెల ఆ రోజు హాల్లో పరుపు కుడుతూ అన్న తనంతట తానే మక్కా మాట తీశాడు.

"ఆడ ఏమడిగినానో నీకు చెప్పలేదు గదా పాపా. అందరూ బిడ్డల పేర్లు, మనవళ్ల పేర్లు చెప్తాండిరి. నేను మీ వదిన పేరు చెప్పినా, నీ పేరు చెప్పినా. తర్వాత నీ రైళ్ల కోసం అడిగినా."

నా చేతిలో దారం ఉండ ఉంది. దాన్ని విప్పుతూ ఉండిపోయాను. "లాభాలు రావాలనా అన్నా?"

"ఛ, ఆడికి పోయి లాభం అడుగుతారా! కెనడాలో శానా మంచు పడతాదంట గదా. ఆ మంచులో పట్టా కనపడాల, డ్రైవరు కండ్లు మూతపడకూడదు, దాంట్లో కూచున్నోళ్లు ఇల్లు చేరాల. అదడిగినా. ఎవురి సొమ్ముతో వచ్చినానో వాళ్లు సల్లగుండాల గదా."

నేను అమ్మేసిన ఆ కంపెనీ రైళ్లలో మనుషులే ఎక్కరు. గోధుమలు, నూనె, బొగ్గు పోతాయి. ఆ మాట కూడా అన్నకు చెప్పలేదు. నా కళ్ల ముందు దుప్పట్ల గదిలో మరియా ఏడుస్తూ ఉంది. ఆయన ఎవరి సొమ్ముతో వెళ్లాడో ఆ మనిషి పేరు అక్కడ ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పేరు నాకొక్కదానికే తెలుసు, నేను ఆయన నోటికి రైళ్లను అందించి పంపాను.

"నాకు ఏడుపొస్తాంది అన్నా" అన్నాను. నిజంగానే వచ్చింది.

"దూదికి లే పాపా. కండ్లలో పడింటాది" అని తన భుజం మీది తువ్వాలు ఇచ్చాడు. కాసేపు దబ్బనం దింపుతూ, తీస్తూ కుట్టాడు. తర్వాత తలెత్తి, చిన్నప్పుడు పక్క వీధి వాళ్ల యోగక్షేమం అడిగినట్టు అడిగాడు. "ఇప్పుడు ఎట్లుండాయి నీ రైళ్లు? బాగా నడుస్తాండాయా?"

చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఇక రాదు. ఇద్దరమే ఉన్నాం, వయసులు అయిపోయాయి, ఆయన చేయి నా మోకాలికి జానెడు దూరంలో ఉంది. చెప్తే ఆయన చేసి వచ్చిన ఆ ఒక్క హజ్జూ పోతుంది. మళ్లీ చేయడానికి కాళ్లు లేవు.

"నడుస్తాండాయన్నా" అన్నాను. "యాడా నిలబడలేదు."

అన్న సంతోషపడ్డాడు. అసర్ నమాజుకు వేళ అవుతోందని దబ్బనం గుడ్డకు గుచ్చి లేచాడు. ఈ పూట కూడా ఆ రైళ్ల కోసం అడుగుతానని, నమాజుకు ముందు చేసుకునే వజూకు చెంబుతో నీళ్లిమ్మన్నాడు. నేను లేచి నీళ్లు తెచ్చి ఆయన చేతుల మీద పోశాను.